ఒంటరి పడవ

ముప్ఫై నాలుగేళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి విశ్రాంతి పుచ్చుకున్నవాడికి పడవ పందేలతో ఏమి పని అని చదువరులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పైగా నేను నీళ్లంటే భయపడే మనిషిని. గోదావరి ఒడ్డున పుట్టి కూడా మోకాలి లోతు దాటి ఏట్లో దిగనివాణ్ణి. అయినా 2024 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా లండన్ నగరానికి పడమటి దిక్కున మా అబ్బాయి ఇంట గడిపిన ఐదు నెలల్లో, భోజనాల బల్ల దగ్గర అన్నిటికంటె ఎక్కువగా నలిగిన విషయం ఒక్కటే: వాడు కొత్తగా ఏ పడవ కొనాలి? ఆ తర్జనభర్జనలో నేనూ పాలుపంచుకున్నాను. చివరికి నా మాట ఒకటి తక్కెడలో పడింది కూడా. ఆ వృత్తాంతమే ఈ వ్యాసం.

ముందుగా వస్తువును పరిచయం చేయాలి. దాన్ని డింగీ అంటారు. ఈ మాట ఇంగ్లీషువారి సొంతం కాదు. బెంగాలీ, హిందీ భాషల్లోని డింగీనే ఓడల మీద వచ్చినవాళ్లు పట్టుకుపోయారు. మన వైపు దోనె అంటామే, దాదాపు ఆ పరిమాణం. నాలుగు మీటర్ల పొడవు, ఒక తెరచాప, ఒక చుక్కాని, పక్కకు జారిపోకుండా నీటిలోకి దించే ఒక పలక, ఒక మనిషి. ఇంజను ఉండదు. నడిపించేది గాలి ఒక్కటే. ప్రాచ్య కళాశాలలో అమరకోశం వల్లె వేసే రోజుల్లో వారివర్గంలో కూపకం, గుణవృక్షకం అంటే తెరచాప కొయ్య అనీ, కర్ణధారుడంటే చుక్కాని పట్టేవాడనీ నేర్చుకున్నాను. గుణమంటే తాడు, తాళ్లు కట్టిన చెట్టు గనుక గుణవృక్షకం. అర్థం తెలుసు గాని వస్తువు తెలియదు. అరవై ఆరో ఏట, పరాయి దేశంలో, ఒక చెరువు గట్టు మీద నిలబడి ఆ చెట్టునూ ఆ తాళ్లనూ చూశాను.

చెరువు గట్టు అన్నది ఉపమానం కాదు. హీత్రో విమానాశ్రయం చుట్టుపక్కల లండన్ నగరానికి తాగునీరు నిలవచేసే పెద్ద పెద్ద జలాశయాలు ఉన్నాయి. అవి నేలకంటె ఎత్తున, నాలుగు వైపులా మట్టికట్టతో కట్టినవి. మెట్లెక్కి కట్ట మీదికి చేరితేగాని నీళ్లు కనబడవు. మొదటిసారి ఎక్కినప్పుడు తెలంగాణలోని ఏ పెద్ద చెరువు మీదికో వచ్చినట్లు అనిపించింది. తూము కోసం వెతికాను కూడా. తల మీద విమానాలు, కాళ్ల ముందు తెల్లని తెరచాపలు. అలాంటి ఒక జలాశయంలో మా అబ్బాయి సభ్యుడుగా ఉన్న చిన్న క్లబ్బు ఉంది. బుధవారం సాయంత్రం ఒక పందెం, ఆదివారం ఉదయం రెండు. నీటిలో తేలే బెండ్లను గుర్తులుగా పెట్టి, వాటి చుట్టూ నిర్ణయించిన వరుసలో తిరిగి రావాలి. గాలికి ఎదురుగా ఏ తెరచాప పడవా తిన్నగా పోలేదు. అటొక ఏటవాలు, ఇటొక ఏటవాలుగా మెలికలు తిరుగుతూ ఎక్కాలి. ఎక్కడ మళ్లాలి, ఎప్పుడు మళ్లాలి అన్నదే సగం విద్య.

ఇక నా భయం సంగతి. దాచిపెట్టి రాస్తే ఈ వ్యాసానికి అర్థం ఉండదు. 1969లో నాకు పదకొండేళ్లు, నా తమ్ముడికి ఎనిమిది. మా ఊరు గౌతమీ పాయ పక్కనే. రేవులో కట్టి ఉన్న ఒక దోనెలో వాడు ఒక్కడే ఎక్కి కూర్చుని ఆడుకుంటూ ఉండేవాడు. ఆ రోజూ అలాగే కూర్చున్నాడు. తాడు ఊడిందో, వాడే విప్పాడో ఎవరికీ తెలియదు. మిట్ట మధ్యాహ్నం, రేవులో మనిషి లేడు. నేను మామిడి తోటలో ఉన్నాను. దోనె మరునాడు దిగువన ఒక లంక దగ్గర దొరికింది. తమ్ముడు మూడో రోజున దొరికాడు. ఆ తరవాత మా అమ్మ నాచేత దేవుడి గదిలో ప్రమాణం చేయించింది, ఏట్లో దిగనని. ఆ ప్రమాణాన్ని నేను నా కొడుకు మీద కూడా పెట్టాను. వాడు రాజమండ్రిలో చదివినన్నాళ్లూ గోదావరిని వంతెన మీద రైల్లోంచి చూసినవాడే తప్ప, ఒడ్డున కాలు పెట్టినవాడు కాదు.

వాడు ముప్ఫై మూడో ఏట ఇంగ్లండులో, తన కూతురితో పాటు, ఈత నేర్చుకున్నాడు. మూడేళ్లదాకా నాకు చెప్పలేదు. పడవ సంగతి మరో రెండేళ్లకు మా కోడలు నోరుజారి చెప్పింది. ఫోనులో నేను ఏమీ అనలేదు. అనకపోవడమే వాడికి పెద్ద తిట్టు అయింది. ఈసారి వెళ్లినప్పుడు మొదటి ఆదివారం ఉదయం వాడు సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడి, "నాన్నగారూ, వస్తారా? గట్టు మీద కూర్చోవచ్చు" అన్నాడు. నా శ్రీమతి నా కోటు తెచ్చి చేతిలో పెట్టింది. వెళ్లాను.

వాడి పాత పడవ లేజర్. ఈ పడవ పుట్టుక చెప్పుకోదగ్గది. 1969లో, అంటే మా ఇంట ఆ దుఃఖం జరిగిన ఏడాదే, కెనడాకు చెందిన బ్రూస్ కిర్బీ ఒక మిత్రుడితో ఫోనులో మాట్లాడుతూ కాగితం మీద గీసిన బొమ్మ అది. 1971లో అమ్మకానికి వచ్చింది. పొడవు 4.2 మీటర్లు, ఖాళీ పడవ బరువు 59 కిలోలు. కొయ్యను రెండు ముక్కలుగా అమర్చి, తెరచాపను చొక్కా చేతిలా దానికి తొడుగుతారు. ప్రపంచమంతటా రెండు లక్షలకు పైగా తయారయ్యాయి. 1996 నుంచి ఒలింపిక్ పోటీల్లో ఉంది; చిన్న తెరచాప కట్టిన రకం 2008 నుంచి స్త్రీల పోటీలో ఉంది. పేరు హక్కుల గొడవ వల్ల 2019 నుంచి పందెం పడవను ఇల్కా అని పిలుస్తున్నారు. మన హుస్సేన్ సాగర్‌లో జూలై నెల రుతుపవనాల గాలిలో జరిగే హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌లో బారులు తీరేవి ఈ పడవలే. ఆ ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ జరుగుతూ ఉంటే, మార్సెయ్ సముద్రంలో మన దేశం తరఫున విష్ణు శరవణన్, నేత్రా కుమనన్ నడిపినవి కూడా ఇవే. భారతదేశం నుంచి ఈ క్రీడలో ఒలింపిక్స్‌కు అర్హత పొందిన తొలి మహిళ నేత్ర అని మా మనవరాలు నాకు పాఠం చెప్పింది.

ఇంత ఘనచరిత్ర ఉన్న పడవను ఎందుకు విడిచిపెట్టాలి? రెండు కారణాలు. ఒకటి, వాడి పడవ ముసలిది. లేజరులో కొయ్య దిగే గుంత ముఖ్యమైన తావు. ఆ గుంత నిండా నీళ్లు పోసి కాసేపు ఆగాలి. నీటిమట్టం తగ్గితే పగులు ఉన్నట్లు, నీరు పడవ డొల్లలోకి పోతున్నట్లు లెక్క. మా కళ్ల ముందే వాడు పోసిన నీళ్లు అరగంటలో బెత్తెడు దిగాయి. రెండోది, వాడి మోకాలు. గాలి బలంగా ఉన్నప్పుడు తెరచాప పడవను ఒక పక్కకు వంచుతుంది. దాన్ని నిలబెట్టడానికి నావికుడు రెండో అంచు మీద కూర్చుని, పాదాలను లోపలి పట్టీల కింద ఇరికించి, నడుము దాకా నీటి పైకి వెనక్కు వాలాలి. లేజరులో ఆ అంచు సన్నం, కూర్చునే చోటు కురచ. నలభై రెండేళ్ల మోకాలు నెలకొకసారి ఫిర్యాదు చేస్తూనే ఉంది.

అసలు ఒంటరి పడవే ఎందుకని అడిగాను. ఇద్దరు నడిపే పడవ ఉన్నది కదా, తోడు ఉంటుంది కదా అని నా లోపలి మాట. వాడన్నాడు, "ఇద్దరి పడవైతే రెండోవాడి తీరిక కోసం ఎదురుచూడాలి నాన్నగారూ. వాడికి పెళ్లి పిలుపు వస్తే నా పందెం పోయినట్లే. ఇదైతే నా తప్పు నాది, నా ఒప్పు నాది." మాటలో న్యాయం ఉంది. నేనూ పాఠం చెప్పేటప్పుడు తరగతి గదిలో ఒంటరినే.

అభ్యర్థులు ముగ్గురు తేలారు. మొదటిది కొత్త ఇల్కాయే, చిన్న తెరచాపతో. ఇల్కా 7 అనే పెద్ద తెరచాప సుమారు 7 చదరపు మీటర్లు. ఇల్కా 6 అన్నది 5.76. వాడి బరువు అరవై ఎనిమిది కిలోలు గనుక రెండోదే తగింది. పడవ కవచం ఒకటే, కొయ్య కింది ముక్కా తెరచాపా మారతాయి. దీని గొప్ప ఏమిటంటే అందరి పడవలూ అచ్చుగుద్దినట్లు ఒకటే. సొంత తెలివితో పడవను మార్చడానికి నియమాలు ఒప్పవు. అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చిన పరీక్ష వంటిది. ఓడితే వంక పెట్టడానికి పడవ దొరకదు.

రెండోది ఆర్ ఎస్ ఏరో. 2014లో వచ్చిన కొత్తతరం పడవ. 1984 ఒలింపిక్స్‌లో కంచు పతకం పొందిన జో రిచర్డ్స్ దీని రూపకర్త. పొడవు నాలుగు మీటర్లు, ఖాళీ పడవ బరువు సుమారు 30 కిలోలు మాత్రమే. కొయ్య కార్బన్ పీచుతో చేసింది. మా మనవరాలు ఒక కొన, నేనొక కొన పట్టుకుంటే లేచింది. దీనికి 5, 6, 7, 9 అని నాలుగు తెరచాపలు. మనిషి బరువును బట్టి, గాలిని బట్టి ఒకటి ఎంచుకోవచ్చు. కాస్త గాలి తగిలితే చాలు, నీళ్లను చీల్చుకుపోవడం మాని నీటి మీదికి లేచి జారుతుంది. చూడటానికి ముచ్చటే. అయితే బరువు లేనిది గనుక ఊపు నిలవదు. మళ్లేటప్పుడు చేయి తడబడితే అక్కడే ఆగిపోతుంది. చురుకైన విద్యార్థి వంటిది. మెచ్చుకోవాలి, కనిపెట్టి ఉండాలి.

మూడోది సోలో. 1956లో జాక్ హోల్ట్ గీసినది. ఎంటర్‌ప్రైజ్, మిర్రర్ వంటి ఇద్దరి పడవల రూపకల్పనలోనూ ఆయన చేయి ఉంది. సామాన్యులు ఇంటి దొడ్డిలో ప్లైవుడ్ పలకలతో కట్టుకోగలిగే పడవలు గీయడం ఆయన వ్రతం. అందుకే సోలో అడుగు గుండ్రంగా ఉండదు. పలకలు పలకలుగా, అంచులు తేలి పెట్టెలా ఉంటుంది. పొడవు 3.78 మీటర్లు, ఖాళీ పడవ బరువు 70 కిలోలు. తెరచాప 8.36 చదరపు మీటర్లు. దానిలో అడ్డంగా చివరిదాకా బద్దలు ఉంటాయి గనుక రెక్కలా బిర్రుగా నిలుస్తుంది. ఐదు వేలకు పైగా కట్టారు. కొయ్యనూ తెరచాపనూ నియమాల లోపల మన బరువుకు తగినట్లు ఎంచుకోవచ్చు. చెక్క సోలోలు నేటికీ కొత్త ఫైబరు సోలోల పక్కన పందెంలో నిలుస్తున్నాయి. కూర్చునే అంచు వెడల్పు. మోకాలికి హాయి. మా వాడు మాత్రం దాని పేరు ఎత్తగానే ముఖం చిట్లించాడు. "అది పింఛనుదారుల పడవ నాన్నగారూ" అన్నాడు. నేను పింఛనుదారుణ్ణే గనుక నవ్వి ఊరుకున్నాను.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. చిన్న క్లబ్బుల్లో రకరకాల పడవలు ఒకే పందెంలో దిగుతాయి. వేగం తేడా ఉన్నవాటిని ఎలా పోల్చాలి? దీనికి పోర్ట్స్‌మత్ యార్డ్‌స్టిక్ అనే పద్ధతి ఉంది. క్లబ్బులు పంపే పందెం ఫలితాలను బట్టి రాయల్ యాటింగ్ అసోసియేషన్ ఒక్కొక్క పడవ రకానికి ఒక అంకె నిర్ణయిస్తుంది; ఏటా సవరిస్తుంది. మెల్లని పడవకు పెద్ద అంకె. పట్టిన కాలాన్ని వెయ్యితో హెచ్చించి ఆ అంకెతో భాగించాలి. ఉదాహరణకు సోలోకు 1140, 7వ తెరచాప కట్టిన ఏరోకు 1065 అనుకుందాం. అటు ఇటుగా అంతే ఉంటాయి. సోలో సరిగ్గా గంటలో, అంటే 3600 సెకన్లలో, గమ్యం చేరింది. లెక్క ప్రకారం 3158. ఏరో 56 నిమిషాల్లో, అంటే 3360 సెకన్లలో, చేరింది. లెక్క ప్రకారం 3155. నాలుగు నిమిషాలు ముందు వచ్చిన ఏరో నిజానికి గెలిచింది మూడు సెకన్ల తేడాతో. మార్కులకు మోడరేషన్ వేసే మా పద్ధతి గుర్తుకొచ్చి ముచ్చటపడ్డాను. ఒక వారం ఆ లెక్కలు నేనే కట్టి పెట్టాను కూడా, కాలిక్యులేటరు తాకలేదు.

అయితే ఆ వారంలోనే ఒక సంగతి గమనించాను. కవచం వేరైనవాళ్లు ఒడ్డుకు రాగానే గోడకు అంటించిన కాగితం దగ్గరికి పోతారు. వాళ్ల గెలుపు ఓటములు నీటి మీద తెలియవు, కాగితం మీద తెలుస్తాయి. ఒకే రకం పడవలవాళ్లు అటు పోరు. పడవలు తోసుకొస్తూనే "మూడో గుర్తు దగ్గర నువ్వు ఎడమకు ఎందుకు మళ్లావు?" అని మొదలుపెడతారు. తేనీరు చల్లారిపోయేదాకా ఆ చర్చ. ఆ క్లబ్బులో సోలోలు పద్నాలుగు, ఇల్కాలు ఎనిమిది, ఏరోలు రెండు. ఇల్కాలలో చాలామంది ఇరవై ఏళ్ల లోపు పిల్లలు. కాలేజీలకు పోగానే వేరే ఊళ్లకు పోయేవాళ్లు.

మూడు ఆదివారాలు మూడు పడవలు అరువు తీసుకుని మా వాడు పరీక్షించాడు. నేను గట్టు మీద మడత కుర్చీలో కూర్చుని నోటు పుస్తకంలో గుర్తులు రాసుకున్నాను. ఇల్కా నాడు గాలి లేదు. ఏరో నాడు మాత్రం పడమటి నుంచి గాలి ఒడుపులు ఒడుపులుగా వస్తోంది. పడవ ఒక్కసారి లేచి బాణంలా పోయింది. వాడు వెనక్కు వాలి నవ్వుతున్నట్లు అంత దూరం నుంచి కూడా తెలిసింది. మరుక్షణం తెరచాప నీటి మీద పడింది. వాడు కనబడలేదు.

నేను లేచి నిలబడ్డాను. పుస్తకం ఎక్కడ పడిందో తెలియదు. ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టానట. తరవాత మనవరాలు చెప్పింది. అది నా చేయి పట్టుకుని, "తాతయ్యా, చూడు, నాన్న అవతలి పక్కనున్నాడు. ఇప్పుడు పలక మీద నిలబడతాడు" అంది. పదహారో అంకె దగ్గర వాడి తల కనబడింది. పడవ అడుగు నుంచి పొడుచుకొచ్చిన పలక మీదికి ఎక్కి, అంచు పట్టుకుని వెనక్కు తూగాడు. తెరచాప నీళ్లు కారుస్తూ మెల్లగా లేచింది. ముప్ఫై ఎనిమిది దగ్గర వాడు లోపల కూర్చున్నాడు. ఆలోగా క్లబ్బువారి రక్షణ పడవ వాడి పక్కకు వచ్చి ఆగింది. రెండు సోలోలు కూడా దారి మళ్లించుకుని దగ్గరగా వచ్చి, వాడు చెయ్యి ఊపాక వెళ్లిపోయాయి. పందెంలో వాళ్ల వరుస పోయింది. ఎవరూ దాన్ని గురించి మాట్లాడలేదు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడు మునిగాడని కాదు. యాభై అయిదేళ్లుగా నేను నీటిని తప్పుపడుతూ వచ్చాను, దోనెను తప్పుపడుతూ వచ్చాను. కాని ఆ మధ్యాహ్నం మా రేవులో లేనిది ఏమిటి? ఒక్క మనిషి. "అరే, తాడు ఊడింది" అని కేక వేసే ఒక్క గొంతు. నా తమ్ముడు పోయింది ఒంటరి పడవలో ఎక్కినందుకు కాదు, ఒంటరి ఏటిలో ఎక్కినందుకు. ఈ మాట ఇన్నాళ్లూ నాకు తోచలేదు.

మూడో ఆదివారం సోలో. మా వాడికి పడవ అరువిచ్చినాయన వయస్సు డెబ్బై ఆరు. ఆ పడవను నీటిలోకి దించడానికి ఒకరు సాయం పట్టాలి, ఒడ్డుకు లాగడానికి ఇద్దరు పట్టాలి. ఏరోనైతే ఎవడికి వాడే ఈడ్చుకుపోతాడు. "బరువు కదా దోషం" అని మా వాడు అంటూ ఉండగానే ఇద్దరు వచ్చి చెరొక పక్క పట్టుకున్నారు. వాడు దిగాక వాళ్ల పడవ పట్టడానికి వీడు పోయాడు. నేను చూస్తూ కూర్చున్నాను.

ఇంటికి వచ్చేటప్పుడు కారులో అడిగాడు, "మీ నోటు పుస్తకం ఏమంటోంది నాన్నగారూ?"

"పడవల సంగతి నాకు తెలియదురా. మనుషుల సంగతే చూశాను. ఏరో నీకు ఆనందం ఇచ్చింది, అది అబద్ధం కాదు. కాని అందులో నువ్వు పందెం కట్టేది కాగితంతో. ఇల్కాలో నువ్వు పందెం కట్టేది నీ మోకాలితో. సోలోలో పద్నాలుగు మందితో."

వాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లగా, "మీరు భయపడి చెబుతున్నారా? సోలో కూడా తిరగబడుతుంది నాన్నగారూ. ఇది వెడల్పని అనుకోకండి" అన్నాడు.

"తిరగబడనీ" అన్నాను. "చూసేవాళ్లు ఉంటారు."

ఆ మాట అన్నాక నా గొంతు పట్టుకుంది. బాబాయి కథ వాడికి పైపైన తెలుసు. పూర్తిగా చెప్పింది ఆ రోజే, కారు ఇంటి ముందు ఆపుకుని, దిగకుండా.

కొత్తది ఏది కొన్నా లక్షల రూపాయల మాట. అందుచేత నాలుగేళ్ల వయసున్న ఫైబరు సోలోను వెతికి పట్టాడు. పాత పడవ కొనేటప్పుడు చూడవలసినవి నాకు కంఠస్థమయ్యాయి. ఎవరికైనా పనికివస్తాయని రాస్తున్నాను. గాలి నిండిన అరల మూతలు విప్పి లోపల తడి ఉందేమో చేయిపెట్టి చూడాలి. అడుగునా కూర్చునే అంచునా బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగకూడదు. నడిమి పలక దిగే పెట్టె మొదట్లో పగుళ్లు చూడాలి. వీలైతే తూయాలి, బరువు పెరిగిందంటే ఎక్కడో నీరు తాగిందన్నమాట. తెరచాపను ఎండకు అడ్డుపెట్టి కుట్లు చూడాలి. తెరచాప పాతదైతే అది మార్చే ఖర్చు ధరలో కలుపుకోవాలి. అమ్మేవాడు "పందెం ఎప్పుడూ ఆడలేదండీ, ఇంట్లోనే ఉంది" అంటే పొంగిపోకుండా ఇవన్నీ రెండోసారి చూడాలి. ఇన్నిటికీ ముందు చూడవలసింది మాత్రం మన క్లబ్బు ఒడ్డు. ఆదివారం నాడు అక్కడ ఏ పడవలు ఎన్ని దిగుతున్నాయో లెక్కపెట్టి, ఆ తరవాతే బజారుకు పోవాలి.

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అని సామెత. మా ఓడ బండి మీదే ఇంటికి వచ్చింది. కారు వెనుక తగిలించి తెచ్చారు. నా శ్రీమతి నిమ్మకాయ తెచ్చి దిష్టి తీసి, ముందు కొనకు పసుపు కుంకుమ పెట్టింది. నా వంతుగా నేను వాడికి నీటిలో తేల్చే చొక్కా కొనిచ్చాను. నా పింఛను డబ్బుతో, కొత్తది. పడవకు పేరు పెట్టాలన్నారు. వాడు నన్ను అడగలేదు. మనవరాలూ తనూ కలిసి వెనుక పలక మీద తెలుగు లిపిలో "బాబాయి" అని అంటించారు. చూసి నేను లోపలికి వెళ్లిపోయాను. క్లబ్బులో ఆ మూడక్షరాల అర్థం అడిగితే, "మా నాన్నగారి తమ్ముడు" అని చెప్పానని తరవాత చెప్పాడు.

సెప్టెంబరు రెండో బుధవారం నేను చూసిన చివరి పందెం. పదమూడు సోలోలు దిగితే మా వాడిది పదకొండో స్థానం. ఆ డెబ్బై ఆరేళ్లాయన నాలుగో స్థానం. చివరి గుర్తు దగ్గర ఆయన వీడిని ఎలా దాటిపోయాడో ఆ రాత్రి భోజనం పూర్తయ్యేదాకా, ఉప్పు సీసా ఒక పడవగా, పచ్చడి జాడీ ఒక పడవగా పెట్టి, మాకు వివరించాడు. మా ఊరు తిరిగి వచ్చాక కూడా బుధవారం వస్తే, మనకు అర్ధరాత్రి దాటాక, ఫోను మోగుతుంది. వాడు చెప్పే గాలి దిక్కులన్నీ నాకు అర్థం కావు. "ఎంతమంది దిగారురా ఇవాళ?" అని మాత్రం తప్పకుండా అడుగుతాను.

మొన్న సాయంత్రం ఒక్కణ్ణే మా రేవుకు నడిచి వెళ్లాను. మెట్ల చివర కూర్చుని పాదాలు నీటిలో పెట్టాను. అవతల ఎవరో కుర్రవాడు దోనె మీద వల సర్దుకుంటున్నాడు. తాడు గట్టిగా కట్టాడో లేదో చూశాను. కట్టాడు. అయినా చీకటి పడి వాడు దిగి ఇంటికి పోయేదాకా అక్కడే కూర్చున్నాను.